ఐదో బిందె

ఆ ఊళ్ళో రాత్రంటే ఎవరికీ భయం లేదు. రాత్రి చల్లగా ఉంటుంది. జనం వాకిళ్ళలో కూర్చుని కబుర్లు చెప్పుకుంటారు, పిల్లలు వీధి దీపం కింద ఆడుకుంటారు. భయమంతా మిట్టమధ్యాహ్నమే. పదకొండయ్యేసరికి తలుపులు పడతాయి, కిటికీలకు దళసరి గుడ్డలు దిగుతాయి, నాలుగింటిదాకా వీధిలో కాకి కూడా కనబడదు. బయట కళ్ళు పోయేంత వెలుగు, లోపల కన్ను పొడుచుకున్నా కనబడని చీకటి. తలుపు సందుల్లోంచి ఇసుక మాత్రం సన్నగా జారుతూ ఉంటుంది, ఎవరో పక్కగదిలో చేటతో చెరుగుతున్నట్టు.

మిషనమ్మ ఇల్లు ఆ వీధిలో చివరినుంచి రెండోది. ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని ఊరందరి చిరుగులూ కుడుతుంది కాబట్టి ఊరందరికీ ఆమె మిషనమ్మే. ముందుగది, వంటగది, పక్కన ఒక ఇరుకు గది, మూడింటినీ కలుపుతూ ఒక నడవా. నడవాలో గోడ వారగా రాతి అరుగు, అరుగు మీద వరసగా బిందెలు. ఆ ఇంటికి ప్రాణం అక్కడే ఉండేది.

ఊళ్ళో కొళాయిలు లేవని కాదు. ఉన్నాయి, తిప్పితే బుస్సుమని గాలి వస్తుంది. నీళ్ళు మాత్రం మూడు రోజులకొకసారి, సాయంత్రం నాలుగింటికి, ట్యాంకరులో వస్తాయి. ఇంట్లో ఎంతమంది ఉంటే నీళ్ళ ఆఫీసు అన్ని ఇత్తడి బిళ్ళలు ఇస్తుంది. పెద్దవాళ్ళకి అరచేతంత బిళ్ళ, పిల్లలకి రూపాయంత బిళ్ళ. ఆ బిళ్ళని బిందె మెడకి తీగతో కట్టుకోవాలి. బిళ్ళ లేని బిందె వంక ట్యాంకరువాడు కన్నెత్తి కూడా చూడడు, అది సొంత తల్లి బిందె అయినా సరే.

దానికి తోడు ఇంట్లో అత్తగారు పెట్టిన కట్టుబాటు ఒకటి. ఎవరి బిందె వాళ్ళది. వంటకి తలా ఒక చెంబు పోశాక, మిగిలినవి తాగినా, కాళ్ళు కడుక్కున్నా, నెత్తిన పోసుకున్నా రెండోవాళ్ళు అడగకూడదు. "మొగుడూ పెళ్ళాం ఒక పక్క మీద పడుకోవచ్చు, ఒక బిందెలో నీళ్ళు మాత్రం తాగకూడదు" అనేది ఆవిడ. చెప్పుకోవడానికి వింతగా ఉంటుంది గానీ, ఆ కట్టుబాటు వల్లే ఆ ఇంట్లో నీళ్ళ దగ్గర ఏనాడూ మాటామాటా రాలేదు.

ఇంట్లో ఉండేది నలుగురు. మిషనమ్మ, రాళ్ళు కోసే యార్డులో పనిచేసే ఆమె భర్త, అత్తగారు, ఏడేళ్ళ కూతురు. ఆ పిల్ల నీళ్ళని గుక్కెడు గుక్కెడుగా, తల ఎత్తి ఎత్తి తాగుతుందని నానమ్మ పిచ్చుక అని పిలిచేది. ఆ పేరే నిలిచిపోయింది. పిచ్చుకకి ఒక అలవాటు ఉంది. గ్లాసు అడుగున మిగిలిన చుక్కలో వేలు ముంచి, నేలమీద చిన్న సున్నా చుట్టేది. "ఇది నా చెరువు" అనేది. చెరువంటే ఎలా ఉంటుందో దానికి తెలియదు, పుస్తకంలో బొమ్మ చూసిందంతే. "నీళ్ళు నేలపాలు చేస్తావా గడుగ్గాయీ!" అని నానమ్మ కేకేసేలోపే ఆ చెరువు ఎండిపోయేది.

కిందటేడు ఎండల్లో పిచ్చుకకి వడదెబ్బ తగిలింది. మూడు రోజులు తెలివి లేదు. డాక్టరు పరీక్షలన్నీ చేసి, లోపల మూత్రపిండాలు చెడుతున్నాయని చెప్పాడు. "మందుల సంగతి తర్వాత. దీనికి నీళ్ళే మందు. రోజుకి ఎనిమిది గ్లాసులు. ఒక్కటి తగ్గినా నా దగ్గరకి తీసుకురావద్దు" అన్నాడు. పిల్ల బిందెలో రోజుకి నాలుగు గ్లాసులే వస్తాయి. తలా కాస్తా పోశారు. నెల తిరిగేసరికి అత్తగారు కళ్ళు తిరిగి పడిపోయింది, భర్త పెదాలు పగిలి నెత్తురు కారింది. నలుగురి నీళ్ళు నలుగురికే చాలనప్పుడు ఎంతని పిండగలరు?

అప్పుడు మిషనమ్మ ఆ పని చేసింది. నీళ్ళ ఆఫీసుకి వెళ్ళి, చేతులు నులుముకుంటూ, "మా పెద్దాడపడుచు వచ్చిందండీ. మొగుడు పోయాడు, మంచం పట్టింది. ఇక మా దగ్గరే" అంది. గుమస్తా దళసరి కళ్ళద్దాల్లోంచి ఆమెను రెండు క్షణాలు చూసి, పుస్తకంలో రాసుకుని, ఒక పెద్ద బిళ్ళ బల్లమీద పెట్టాడు. "ఎప్పుడో ఒకప్పుడు వచ్చి చూస్తాను" అన్నాడు.

ఆమె భర్తకి అక్క లేదు. ఎప్పుడూ లేదు.

చూస్తానన్నాడు కాబట్టి చూపించాలి కదా. ఇరుకు గదిలో మడతమంచం వేశారు. దిండ్లు రెండు నిలువుగా పరిచి, పైన దుప్పటి కప్పి, తలవైపు ఒక గుడ్డ చుట్టిపెట్టారు. మంచం కింద పాత చెప్పుల జత, పక్కన ఒక గ్లాసు. గుమ్మానికి తెర కట్టారు. అదంతా చేస్తున్నంతసేపూ ఇంట్లో నవ్వులే నవ్వులు. "అక్క లేదనే బెంగ తీరింది" అన్నాడు భర్త. "నొప్పులు పడకుండా కూతురు పుట్టుకొచ్చింది నాకు" అని అత్తగారు మంచం కోళ్ళు తుడిచింది. పిచ్చుకకి మాత్రం గట్టిగా నేర్పారు. ఎవరడిగినా లోపల పెద్దత్త పడుకుందని చెప్పాలి. దాని నోట్లో నువ్వుగింజ నానదని అందరికీ తెలుసు కాబట్టి, అబద్ధమని చెప్పకుండా ఉన్నట్టే చెప్పారు.

"పెద్దత్త ఎలా ఉంటుంది?" అని అడిగింది పిచ్చుక.

"సన్నగా ఉంటుంది" అంది నానమ్మ.

"ఎందుకు?"

"నీళ్ళు లేక."

అందరూ మళ్ళీ నవ్వారు. అరుగు మీద ఐదో బిందె చేరింది. అందులోంచి పిల్లకి రోజూ నాలుగు గ్లాసులు. రెండు నెలలకే పిచ్చుక బుగ్గలకి నిగారింపు వచ్చింది, మెట్ల మీంచి దూకడం మొదలుపెట్టింది. ఆడిన అబద్ధం ఇంత మేలు చేస్తే ఏ తల్లి పశ్చాత్తాపపడుతుంది? మిషనమ్మ హాయిగా నిద్రపోయేది.

మూడో నెలలో ఐదో బిందె తగ్గడం మొదలైంది.

పిల్లకి ఆ నీళ్ళు మిషనమ్మే స్వయంగా పోస్తుంది. పోసినదానికి ఎంత తగ్గాలో ఆమె చేతికి తెలుసు. అంతకన్నా నాలుగు వేళ్ళు ఎక్కువ తగ్గుతోంది. మొదట తన భ్రమ అనుకుంది. గుడ్డలు కొలిచే కొయ్య స్కేలు ముంచి, తడి గీత చూసి, సుద్దతో గోడమీద గుర్తు పెట్టుకుంది. భ్రమ కాదు. పొద్దున్నించి పదకొండుదాకా లెక్కలో చుక్క తేడా రాదు. పదకొండుకీ నాలుగుకీ మధ్య... తలుపులన్నీ మూసి ఉన్నప్పుడు... నాలుగు వేళ్ళు.

తలుపులు మూసి ఉన్నాయంటే దొంగ లోపలే ఉన్నట్టు. ఆ వేళప్పుడు ఇంట్లో ఉండేది తనూ, పిల్లా, అత్తగారూ. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మిషనమ్మ పట్టాలనుకుంది. అత్తగారి కాళ్ళవంక చూసింది. మడమలు మెత్తగా, తడిసి ఆరినట్టు కనిపించాయి. అవి నిజంగా అలా ఉన్నాయో, అనుమానంతో చూసే కళ్ళకి అలా కనిపించాయో ఆమెకే తెలియదు.

"అత్తయ్యా, మధ్యాహ్నం మీరు గానీ కాళ్ళు కడుక్కుంటున్నారా?" అని అడిగింది ఒకరోజు, మిషను మీంచి తల ఎత్తకుండా.

అత్తగారు కాళ్ళు చీరకుచ్చెళ్ళ కిందికి లాక్కుంది. "నా మనవరాలి నోటి దగ్గర నీళ్ళు తీసుకుని కాళ్ళు కడుక్కుంటానా? అనుమానం పెనుభూతం అంటారు, చూడు... దాన్ని ఇంట్లోకి రానిచ్చావో, ఇక పోదు" అంది. ఆ సాయంత్రం నుంచి ఆవిడ తన బిందె మీద మూత పెట్టి, మూతమీద రాయి పెట్టడం మొదలుపెట్టింది. కోడలి మీద తన అనుమానం అది.

భర్త అది విని, "మీ ఇద్దరిలో ఎవరో ఒకరు నిద్రలో లేచి తాగుతున్నారు" అన్నాడు. మిషనమ్మ మనసు ఎదురింటివాళ్ళ మీదికీ పోయింది. కానీ ఎవరికని ఫిర్యాదు చేస్తుంది? లేని మనిషి నీళ్ళు పోతున్నాయని చెప్పుకోవడం ఎలా? దొంగకి తేలు కుట్టినట్టయింది ఆమె పని.

పిచ్చుక మాత్రం అన్నం తింటూ తింటూ మామూలుగా అంది. "పెద్దత్త తాగుతోంది కదా."

"బాగానే నేర్చుకుంది" అన్నాడు తండ్రి. ఈసారి ఎవరూ నవ్వలేదు.

మిషనమ్మ తనకి తెలిసిన విద్యనే నమ్ముకుంది. దళసరి గుడ్డ ఒకటి తీసుకుని ఐదో బిందె మూతికి కట్టి, మెడ చుట్టూ చేత్తో కుట్టేసింది. దారం తనది, ముడి తనది. ఆ ముడి ఎలా వేస్తుందో ఇంకో మనిషికి తెలియదు. ఆమె చేతికుట్టు అంగుళానికి ఎనిమిది పడుతుంది, ఎనభై ఏళ్ళు వచ్చినా అంతే పడుతుంది. కుట్టి, వెళ్ళి మిషను ముందు కూర్చుంది. మిషను తొక్కలేదు. చీకట్లో చెవులు రిక్కించి కూర్చుంది. అత్తగారు నోరు తెరిచి గురక పెడుతోంది. పిచ్చుక చాప మీద, చేతికందేంత దూరంలో ఉంది.

పన్నెండు దాటింది. ఇసుక రాలుతోంది. ఎండకి రేకుల కప్పు టక్కుమంటోంది. ఆ తర్వాత... నడవాలోంచి... గుటక.

ఒక్క గుటక. మళ్ళీ ఒకటి. తొందర లేదు. చాలాకాలంగా దాహంతో ఉన్న మనిషి, ఎవరైనా చూస్తారేమోనని చప్పుడు కాకుండా తాగుతున్నట్టు... గుటక... గుటక...

మిషనమ్మ లేవలేకపోయింది. పిల్ల చెయ్యి పట్టుకుంది. అత్తగారి గురక అలాగే సాగుతోంది. కాబట్టి ఆవిడ కాదు. ఎదురింటివాళ్ళు కాదు. గుటకలు ఆగిపోయి చాలాసేపయ్యాక లేచి, గోడ తడుముకుంటూ నడవాలోకి వెళ్ళింది. గుడ్డ కట్టింది కట్టినట్టే ఉంది. పొడిగా ఉంది. గుండె కుదుటపడింది. కుట్లు తెంపుదామని వేలితో తడిమింది. తడిమి ఆగిపోయింది.

కుట్లు సన్నగా ఉన్నాయి. అంగుళానికి పన్నెండో పదమూడో. దారం తనదే. కుట్టు తనది కాదు.

గుడ్డ విప్పి స్కేలు ముంచింది. నాలుగు వేళ్ళు.

ఆ మరుసటి రోజే మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. ఆ వేళ తలుపు కొట్టేవాళ్ళు ఇద్దరే ఉంటారు ఆ ఊళ్ళో. చావు కబురు తెచ్చినవాడు, లేదా తనిఖీకి వచ్చినవాడు. గొడుగు ముడుస్తూ, చంకలో పుస్తకంతో నీళ్ళ ఆఫీసు గుమస్తా నిలబడి ఉన్నాడు. "ఈ వేళప్పుడయితేనే అందరూ ఇంట్లో దొరుకుతారమ్మా" అన్నాడు నవ్వుతూ. బిందెలు లెక్కపెట్టుకున్నాడు. నిద్రపోతున్న అత్తగారిని చూశాడు. చాపమీద కూర్చుని కళ్ళు నులుముకుంటున్న పిచ్చుకని చూశాడు. "మీ పెద్దాడపడుచు?"

"లోపల. నిద్రపోతోందండీ" అంది మిషనమ్మ.

ఆయన తెర కొద్దిగా పక్కకి జరిపి తల లోపలికి పెట్టాడు. వెనకనుంచి ఆమెకి ఆయన వీపు మాత్రమే కనిపిస్తోంది. దిండ్లు సరిగ్గా ఉన్నాయో లేదో, దుప్పటి జారిందో ఏమో...

"లేవకండి, లేవకండి" అన్నాడు ఆయన లోపలికి. "పడుకోండి పరవాలేదు."

నిశ్శబ్దం.

"అలాగా... ఊఁ... ఊఁ... చెబుతాను లెండి."

తెర వదిలి వెనక్కి తిరిగాడు. నవ్వు పోయింది మొహంలో. పుస్తకంలో గుర్తు పెట్టుకుని, గుమ్మం దాకా వచ్చి, గొంతు తగ్గించి అన్నాడు. "ఆవిడ దాహమంటోందమ్మా. సరిగ్గా నీళ్ళివ్వడం లేదా?"

"ఇస్తున్నామండీ..."

"తన వాటా ఎవరో తాగుతున్నారంటోంది." ఆయన చూపు ఒక్క క్షణం పిచ్చుక మీద ఆగింది.

ఇదంతా నాటకం అనుకుంది మిషనమ్మ. దిండ్లు చూశాడు, కనిపెట్టాడు, ఇప్పుడు ఎలకని పిల్లి ఆడించినట్టు ఆడిస్తున్నాడు. ఏదో అడుగుతాడని ఎదురుచూసింది. ఆయన ఏమీ అడగలేదు. "కాసిని మంచినీళ్ళు తాగుతారా?" అంది చివరికి.

"వద్దమ్మా. ముందు ఆవిడకివ్వండి" అని గొడుగు విప్పుకుని ఆ ఎండలోకి వెళ్ళిపోయాడు.

తలుపు గడియ పెట్టి, ఆమె తెర దగ్గరికి వచ్చింది. తెర తీసింది. చీకటి. దుప్పటి కింద రెండు దిండ్లు. అంతే. దగ్గరికి వెళ్ళి చెయ్యి వేసింది. దుప్పటి చల్లగా ఉంది. తలవైపు చుట్టిపెట్టిన గుడ్డ... తడిగా ఉంది. ఆ గదిలో ఒక వాసన. మొదటి వాన పడ్డప్పుడు మట్టిలోంచి వచ్చే వాసన. ఆ ఊళ్ళో వాన పడి నాలుగేళ్ళయింది.

వెనక పిచ్చుక నిలబడి ఉంది.

"అమ్మా, గట్టిగా మాట్లాడకు, పెద్దత్త ఇప్పుడే పడుకుంది."

"పెద్దత్త లేదమ్మా" అంది మిషనమ్మ. "మేం ఊరికే చెప్పాం. అబద్ధం. ఉత్తుత్తినే."

"ఆ మాటే నేనూ పెద్దత్తని అడిగాను. బిందె ఉంది కదా, మంచం ఉంది కదా, మరి నేనెందుకు లేను అంది." పిల్ల తల్లి చెవి దగ్గరికి నోరు తెచ్చింది. "ఎవరి బిందె వాళ్ళది కదమ్మా? నేను పెద్దత్త బిందెలో నీళ్ళు తాగుతున్నా కదా రోజూ... అందుకని నేను తన మనిషినట. నీ మనిషిని కాదట."

ఆ సాయంత్రం భర్త రాగానే అంతా చెప్పేసింది. "బిళ్ళ తిరిగిచ్చేద్దామండీ. రేపే."

ఆయన చూపు అరుగు మీద చిన్న బిందె మీదికి పోయింది. "ఇచ్చేస్తే పిల్లకి నీళ్ళు?"

"నా బిందె దానికే. నేను ఒక్క గుక్కతో బతుకుతాను."

"ఎన్నాళ్ళు?"

ఉంచుకుంటే ఒక భయం, ఇచ్చేస్తే ఇంకో భయం. ముందు నుయ్యి వెనక గొయ్యి. అత్తగారు, అంతవరకూ మూతిముడుచుకుని కూర్చున్నావిడ, లేచి వచ్చి తన బిందె మీద రాయి తీసేసింది. "ఇందులోవీ దానికి పొయ్యి" అంది. మిషనమ్మకి ఏడుపొచ్చింది. ఇన్నాళ్ళూ ఈ ముసలావిడనా అనుమానించింది!

తెల్లవారగానే ఐదో బిందె మెడలోంచి బిళ్ళ విప్పింది. పెద్ద బిళ్ళ, అరచేతంత. తన కళ్ళతో చూసింది, చేత్తో తడిమింది. పోతుందేమోనని ఒక గుడ్డసంచిలో పెట్టి మూతి కుట్టేసింది. సంచిని మిషను మీద పెట్టి, పొయ్యి పని చూసుకుని, పిల్లని నానమ్మ ఒడిలో కూర్చోబెట్టి, "ఇది నిద్రపోయినా మీరు నిద్రపోకండి అత్తయ్యా" అని చెప్పి, సంచి తీసుకుని బయల్దేరింది.

ఆఫీసులో ఆమె వంతు వచ్చేసరికి పదకొండు కావస్తోంది. అదే గుమస్తా. "ఒక మనిషిని తీసెయ్యాలండీ" అంది.

"ఊరు వెళ్ళారా, పోయారా?"

ఊరు వెళ్ళిందంటే ఏ ఊరని అడుగుతాడు. వెళ్ళిన మనిషి మళ్ళీ రావచ్చు. మిషనమ్మ నీళ్ళు నమిలింది. "పోయింది" అంది.

గుమస్తా కలం ఆగింది. "అయ్యో! నిన్ననేగా..." అని కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. అది నాటకమయితే ఆ మనిషి మహానటుడే. సంచి అందుకుని, బ్లేడుతో కుట్లు కోసి, చెయ్యి పెట్టి బిళ్ళ తీసి, పక్కనున్న కత్తెరమిషను నోట్లో పెట్టి పిడి నొక్కాడు. ఠక్కుమంది. ఇత్తడి రెండు ముక్కలై బల్లమీద పడింది.

మిషనమ్మ కళ్ళు బల్లమీద లేవు. ఖాళీ సంచి మీద ఉన్నాయి. తెగిన దారం పోగుల మీద ఉన్నాయి. కుట్లు సన్నగా ఉన్నాయి. అంగుళానికి పన్నెండో... పదమూడో...

"ఇదేమిటమ్మా" అంటున్నాడు గుమస్తా. "పోయింది పిల్లా?"

బల్లమీద రెండు ముక్కలు. రెండూ కలిపినా రూపాయంతే ఉన్నాయి.

"కాదు! అది కాదు! ఆగండి, రాయకండి!" అని అరిచింది. ఆయన అప్పటికే పిల్ల పేరు మీద గీత కొట్టేశాడు. "కోసిన బిళ్ళ అతకదమ్మా. పొరపాటయితే పిల్లని ఇక్కడికి తీసుకురండి. కళ్ళారా చూస్తే కొత్తది..." మిగతాది ఆమె వినలేదు. పరుగెత్తింది.

వీధులన్నీ ఖాళీ. అన్ని తలుపులూ మూసి ఉన్నాయి. నెత్తిన ఎండ, కాళ్ళ కింద ఇసుక. ఒక చెప్పు ఎక్కడో జారిపోయింది. వెళ్ళేటప్పుడు తను బయటినుంచి పెట్టిన గడియ తీసి లోపలికి దూకింది. చీకటి. ఏమీ కనబడలేదు. గురక వినిపించింది. అత్తగారు గోడకి ఆనుకుని, ఒడి ఖాళీగా, నోరు తెరిచి నిద్రపోతోంది.

చాప మీద పిల్ల లేదు.

నడవా. చెయ్యి అరుగుకి తగిలింది. బిందెలు తడిమింది. ఒకటి. రెండు. మూడు. నాలుగోది, చిన్నది, మెడ బోసిగా ఉంది. ఐదోది... ఐదోదాని మెడలో అరచేతంత బిళ్ళ. తీగ గట్టిగా చుట్టి ఉంది. ఎన్నడూ విప్పనట్టు.

"పిచ్చుకా..." తెరవైపు తిరిగింది. "పిచ్చుకా..."

తెర కదిలింది.

"ఊఁ" అంటూ పిల్ల బయటికి వచ్చింది. వచ్చి తల్లి నడుం పట్టుకుంది. మిషనమ్మ అక్కడే కూలబడి పిల్లని ఒళ్ళోకి లాక్కుంది. మొహం తడిమింది, చేతులు తడిమింది, కాళ్ళు తడిమింది. అన్నీ ఉన్నాయి. జుట్టు తడిగా ఉంది. ఒళ్ళు కొత్తకుండలా చల్లగా ఉంది.

"లోపల ఏం చేస్తున్నావే? దాహమేస్తోందా తల్లీ? నీళ్ళివ్వనా?"

"వద్దు" అంది పిల్ల. "నాకింక దాహం వెయ్యదు."

ఇది జరిగి తొమ్మిది రోజులు. పిల్ల బాగుంది. జ్వరం లేదు, నీరసం లేదు. అన్నం పెడితే తింటుంది, పిలిస్తే పలుకుతుంది, చెప్పిన చోట కూర్చుంటుంది. మెట్ల మీంచి దూకదు. భర్త, "చూశావా, నీ భయం కొద్దీ అదంతా. ఎంత బుద్ధిగా ఉందో! ఆఫీసుకి తీసుకెళ్ళి చూపించి కొత్త బిళ్ళ తెచ్చుకో" అంటున్నాడు. మిషనమ్మ రేపంటోంది, ఎల్లుండి అంటోంది. తీసుకెళితే ఆ కళ్ళద్దాల మనిషి ఒక్క క్షణం చూసి ఏమంటాడోనని ఆమె భయం.

ఎందుకంటే చిన్న బిందెలో స్కేలు ముంచి చూస్తోంది రోజూ. తొమ్మిది రోజులుగా తడి గీత ఒక్కచోటే ఉంది. మిగిలిన ముగ్గురి బిందెలు మామూలే. ఐదో బిందె మాత్రం మధ్యాహ్నం పూట తగ్గుతోంది. ఇప్పుడు నాలుగు వేళ్ళు కాదు. పిల్ల గ్లాసుతో కొలిచి చూసింది. రోజుకి ఎనిమిది గ్లాసులు. ఒక్కటి తగ్గదు, ఒక్కటి పెరగదు.

ఈ రోజు మధ్యాహ్నం, ముందుగదిలో నానమ్మ పక్కన పిల్ల బుద్ధిగా పడుకుని ఉండగా, ఆమె తెర తీసి ఇరుకు గదిలోకి వెళ్ళింది. దుప్పటి కింద రెండు దిండ్లుండాలి. ఒకటే ఉన్నట్టు పొట్టిగా కనిపించింది. ఎత్తి చూడటానికి చేతులు రాలేదు. మంచం పక్కన గ్లాసు ఖాళీగా ఉంది.

గ్లాసు పక్కన, నేలమీద, చిన్న వేలితో చుట్టిన సున్నా ఒకటి. ఇంకా తడిగా ఉంది.

మిషనమ్మ దాని ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. చూస్తూ ఉండగానే అంచుల్లోంచి ఎండుకుంటూ వచ్చి ఆ చెరువు మాయమైపోయింది. ఆమె లేచి, చప్పుడు కాకుండా నడవాలోకి వెళ్ళి, తన బిందె ఎత్తి, అందులో ఉన్న నీళ్ళన్నీ చుక్క మిగలకుండా ఐదో బిందెలో పోసింది.

ముందుగది గుమ్మంలో పిల్ల నిలబడి, రెప్ప వెయ్యకుండా, ఆ నీళ్ళవంకే చూస్తోంది.